ఇంట్లో ఉర్దూ వద్దన్నారు

ముబష్షిరా ఇంట్లో ఉన్నంతసేపూ నోరు మూతపడేది కాదు. పొద్దున లేచింది మొదలు దాదీ కొంగు పట్టుకుని తిరుగుతూ, పక్కింటి కోడి ఎందుకు కుంటుతోంది, మేఘాలకు ఆకలి వేస్తుందా, నాన్న చిన్నప్పుడు నాకంటే పొట్టిగా ఉండేవాడా అని ఉర్దూలో అడుగుతూనే ఉండేది. జవాబులు చెప్పలేక ఆ నానమ్మ అజీజున్నీసా తిప్పుతున్న తస్బీ పూసల దండ పక్కన పెట్టి నవ్వేది. అలాంటి పిల్ల బడిలో ఇంతవరకు ఒక్క మాట కూడా మాట్లాడలేదని టీచరు చెప్పినప్పుడు, ఇంకెవరి పిల్ల గురించో చెబుతున్నారని తల్లి మునీరా అనుకుంది.

మునీరా పుట్టింది బీదర్ దగ్గర పల్లెలో. పెళ్లయి సిద్దిపేట వచ్చి ఏళ్లు గడిచినా ఆమెకు తెలుగు పట్టుబడలేదు. కూరగాయల బండి దగ్గర బేరమాడేంత, ఆటోవాడికి దారి చెప్పేంత వచ్చు. ఇంట్లో ఉర్దూ, వాడలో దాదాపు అంతా ఉర్దూ. అంతకుమించి అవసరం పడలేదు. భర్త అఫ్సర్ ఇక్కడివాడే. చిన్నప్పుడు ఉర్దూ బడిలో ఐదో తరగతి వరకు చదివి, ఆ తర్వాత తెలుగు తరగతిలో ఏమీ అర్థంకాక చదువు మానేశాడు. అతనికి తెలుగు నేర్పింది పనే. మెదక్ రోడ్డు మీద ఆటోల సీట్లు కుడుతూ, డ్రైవర్లతో మాట్లాడీ మాట్లాడీ ఇప్పుడు కోపం వస్తే తిట్లు కూడా తెలుగులోనే వస్తాయి. తనకు జరిగింది బిడ్డకు జరగకూడదని, పట్టుబట్టి తెలుగు పిల్లలు చదివే సర్కారు బడిలో ఒకటో తరగతిలో చేర్పించాడు.

దసరా సెలవులకు ముందు బడి నుంచి పిలుపు వచ్చింది. తరగతి టీచరు సింధూజ ధూళిమిట్ట నుంచి వచ్చిన అమ్మాయి. అది ఆమెకు మొదటి ఉద్యోగం. పిల్ల ఎవరితోనూ మాట్లాడదనీ, ఒంటికి వస్తోందని కూడా చెప్పలేక రెండుసార్లు గౌను తడుపుకుందనీ, మిగతా పిల్లలు మూగది అని పిలవడం మొదలుపెట్టారనీ ఆమె నేల చూపులు చూస్తూ చెప్పింది. హెడ్మాస్టరు నరహరి చెడ్డవాడు కాదు. చాలా ఏళ్లుగా పసిపిల్లలకు పాఠాలు చెప్పినవాడు. తాను చెప్పేది నిజమని నమ్మే చెప్పాడు.

"ఇంట్ల ఉర్దూ బంద్ చెయ్యాలె అఫ్సర్. రెండు భాషలు ఒక్కపారి నెత్తిన పెడితే పసిపిల్ల ఏది పట్టుకుంటది? జర కష్టమైనా అందరు తెలుగుల్నే మాట్లాడున్రి. ఎండాకాలం వరకు చూద్దాం. గప్పటికి గూడ మాట రాకపోతే దవాఖానల చూపించి, గసువంటి పిల్లల బడికి పంపుదాం."

ఎప్పుడూ సగం సగం అర్థమయ్యే తెలుగు ఆ రోజు మునీరాకు పూర్తిగా అర్థమైంది. గసువంటి పిల్లల బడి అన్న మాటతో సహా.

ఆ సాయంత్రమే అఫ్సర్ ఇంట్లో కట్టడి పెట్టాడు. పిల్ల చెవిన ఉర్దూ పడకూడదు, తల్లి అయినా సరే, దాదీ అయినా సరే. అజీజున్నీసా ఏదో అనబోతే, నన్ను చూశావు కదా, దీన్ని కూడా అలాగే కానిస్తావా అని అడిగాడు. ముసలామె లేచి లోపలికి వెళ్లిపోయింది.

మునీరా తన దగ్గరున్న తెలుగును కూడదీసుకుంది. రా, తిను, వద్దు, కూర్చో, పండుకో, చేతులు కడుక్కో. ఆ మాటలతో పిల్లను పిలవవచ్చు, ఆపవచ్చు, తిండి పెట్టవచ్చు. అంతకుమించి ఏమీ చేయలేకపోయింది. ముబష్షిరా ఉర్దూలో ఏదైనా అడగబోతే ఆమె పిల్ల పెదవుల మీద వేలు పెట్టేది. మొదట్లో పిల్ల అది ఆటనుకుంది, నవ్వి ఆ వేలు కొరికేది. తర్వాత మాట మొదలుపెట్టి తల్లి చెయ్యి లేస్తుందేమోనని చూసేది. ఆ తర్వాత మొదలుపెట్టడమే మానేసింది.

దాదీకి బజారు తెలుగు బాగానే వచ్చు. ఒక మధ్యాహ్నం పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని పిచ్చుక కథ తెలుగులో చెప్పబోయింది. పిచ్చుక గూడు కట్టుకునే దాకా వచ్చి ఆగిపోయింది. పిచ్చుక బతిమాలే మాటలు ఆమెకు తెలుగులో రాలేదు. పిల్ల కాసేపు ఎదురుచూసి, లేచి వెళ్లి గోడ పక్కన కూర్చుంది. అజీజున్నీసా కళ్లు తుడుచుకుంటుంటే మునీరా చూడనట్టే వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఎదురింట్లో పోశమ్మ ఉంటుంది. మగ్గం పని చేసే ఇంటి ఆడమనిషి, మనసు మంచిది. పిల్లను ముద్దు చేయడానికి తెలుగులో ఏమంటారని మునీరా ఆమెను అడిగింది. నా బంగారు కొండ అంటారని పోశమ్మ నేర్పింది. మునీరా వీధి దాటుతూ గొణుక్కుంటూ వచ్చి, పిల్లను ఒళ్లోకి తీసుకుని ఆ మాట అన్నది. ముబష్షిరా తల ఎత్తి, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఆ చూపు మునీరాను ఎన్నో రోజులు వదల్లేదు.

అఫ్సర్‌కు మాత్రం ఆశగా ఉంది. తెలుగులో అడిగితే పిల్ల తల ఊపుతోంది, ఉర్దూ ఎత్తడం లేదు, మందు పనిచేస్తోందని అనుకున్నాడు. బడిలో ఎలాగూ మూగగా ఉన్న పిల్ల ఇప్పుడు ఇంట్లోనూ మూగదైందని అతనికి చెప్పాలని మునీరా చాలాసార్లు అనుకుంది. చెబితే హెడ్మాస్టరు మాట నిజమవుతుందేమో, పిల్లలో నిజంగానే లోపం ఉందేమో అన్న భయంతో మింగేసేది.

చలికాలం వచ్చింది. పిల్లకు జలుబు చేసింది. అన్నం ముందు కూర్చుని ఒక పక్కకు తల వాల్చేది, చెయ్యి చెంపకు ఆనించుకునేది. అలిగిందనుకుని మునీరా బలవంతంగా రెండు ముద్దలు పెట్టేది. ఒక పొద్దున ఒళ్లు కాలిపోతోంది. దిండు మీద పసుపుపచ్చని చీము మరక కనిపించింది.

సర్కారు దవాఖానలో డాక్టరమ్మ కుడి చెవిలో లైటు వేసి చూసింది. కర్ణభేరికి రంధ్రం పడిందని చెప్పింది. ఒక్క రోజులో ఇంత కాదు, చాలా రోజులుగా నొప్పి ఉండి ఉంటుంది, పిల్ల చెప్పలేదా అని అడిగింది. అఫ్సర్ మునీరా వైపు చూశాడు. మునీరాకు ఇంట్లో పెట్టిన కట్టడి గుర్తులేదు, చుట్టూ మనుషులున్నారనీ గుర్తులేదు. పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, నొప్పి పుడుతుంటే అమ్మీకి ఎందుకు చెప్పలేదు తల్లీ అని ఉర్దూలో అడిగింది.

ముబష్షిరా తండ్రిని చూసింది. డాక్టరమ్మను చూసింది. తర్వాత నెమ్మదిగా చెయ్యి చాచి తల్లి పెదవుల మీద వేలు పెట్టింది.

 అఫ్సర్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. 

మర్నాడు పిల్లను దాదీకి అప్పగించి, అఫ్సర్‌కు చెప్పకుండా మునీరా ఒక్కతే బడికి వెళ్లింది. సింధూజ తరగతి గుమ్మం దగ్గర నిలబడి, దారిలో పేర్చుకున్న మాటలన్నీ అన్నది.

"మీరు చెప్పిన్రు, నేను చేసిన మేడమ్. ఇంట్ల ఉర్దూ బంద్ చేసిన. నా దగ్గర తెలుగు కొంచమే ఉంది. తిను, రా, పండుకో. గంతే. నొప్పి ఉందా అని అడగనీకి నాకు రాలే. బిడ్డ చెవుల చీము వచ్చింది. నాకు చెప్పలే. నేనే నోరు మూసిన కద, ఎట్ల చెప్తది?"

అక్కడితో ఆమె తెలుగు అయిపోయింది. మిగిలినదంతా ఉర్దూలో వచ్చింది, ఏడుపుతో కలిసి వచ్చింది. సింధూజకు మాట మాటా అర్థం కాలేదు గాని ఆమె ముఖం పాలిపోయింది. నరహరి పక్క గది నుంచి వచ్చి, మేము మంచికే చెప్పినమమ్మా అన్నాడు. మునీరా ఆయన వైపు తిరిగి, ఇప్పుడు నన్నేం చెయ్యమంటరు సార్ అని అడిగింది.  ఆయన తన గదిలోకి వెళ్లిపోయాడు.

బడి విడిచాక సింధూజ వాడ వెతుక్కుంటూ వచ్చింది. చెవిలో దూదితో దాదీ ఒళ్లో పడుకున్న పిల్లను చూసి చాప మీద కూర్చుంది. ఈ పిల్ల ఇంట్లో ఎలా మాట్లాడేది, ఏమేం అడిగేది అని మునీరాను అడిగింది. బడి మొదలైనప్పటి నుంచి ఆ మాట అడిగినవాళ్లు లేరు. మునీరా, అజీజున్నీసా ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తూ, ఉర్దూ తెలుగు కలిపి చెబుతుంటే ఆమె వింటూ కూర్చుంది. పిల్లకు నయం కాగానే పొద్దున కాసేపు తరగతికి రమ్మని, వచ్చి పిల్లతో ఉర్దూలోనే మాట్లాడమని మునీరాను అడిగింది.

అప్పుడే పని నుంచి వచ్చిన అఫ్సర్ ఆ మాట విని గుమ్మంలోనే ఆగిపోయాడు. నిన్నటిదాకా వద్దన్నారు, ఇవాళ కావాలంటున్నారు, పిల్లకు తెలుగు రాకపోతే రేపు దాని బతుకేం కావాలని నిలదీశాడు.

"తెలుగు నేను నేర్పుత అన్నా, గది నా పని," అన్నది సింధూజ. "దానికి మొదలు ఒక మాట ఉంటెనే కద, నేను ఇంకో మాట చెప్పేది. ఉన్న మాట మనమే గుంజుకున్నం. మళ్ల వస్తదో రాదో నాకు గూడ తెల్వది. కని మీరు తోడు లేకుంటే నా ఒక్కదానితోని కాదు."

అఫ్సర్ పిల్ల దగ్గరికి వచ్చి కూర్చుని, చాలాకాలం తర్వాత ఉర్దూలో, మాట్లాడు బేటా, వద్దన్నది నేనే, ఇప్పుడు మాట్లాడమంటున్నదీ నేనే అన్నాడు. మళ్లీ మళ్లీ అన్నాడు.  ముబష్షిరా దాదీ కొంగులో ముఖం దాచుకుంది.

నరహరి గొణిగాడు గాని అడ్డు చెప్పలేదు. జ్వరం తగ్గాక పిల్లతో పాటు మునీరా కూడా తరగతికి వెళ్లసాగింది. వెనక వరుసలో కూర్చునేది. సింధూజ నీళ్లను ఉర్దూలో ఏమంటారు, కాకిని ఏమంటారు అని ఆమెను అడిగి, పిల్లలందరితో కలిసి తానూ పలికేది. ఆమె తప్పుగా పలికితే పిల్లలు విరగబడి నవ్వేవారు. ముబష్షిరా నవ్వేది కాదు. తల్లి అందరి ముందు ఉర్దూ మాట్లాడిన ప్రతిసారీ భయంగా గుమ్మం వైపు చూసేది. ఇంట్లో దాదీ మళ్లీ కథలు మొదలుపెట్టింది. పిల్ల వినేది, అంతే. వారాలు గడుస్తున్నకొద్దీ మునీరాలో మిగిలిన కాస్త ఆశా అడుగంటింది. నా చేత్తో నేనే దాని గొంతు నులిమానని నమాజు తర్వాత ఏడ్చేది. కుడి చెవి ఇక పూర్తిగా వినపడకపోవచ్చని, పెద్దయ్యాక ఆపరేషన్ గురించి చూద్దామని డాక్టరమ్మ చెప్పింది.

ఒక పొద్దున లెక్కలు చెప్పే వేళ, పక్కన కూర్చున్న పిల్ల ముబష్షిరా చెవిలోని దూదిని చూసి, అదేంటో తెలుసుకోవాలని వేలు పెట్టింది.

"నక్కో," అన్నది ముబష్షిరా. "నొప్పి."

చిన్న గొంతు, బొంగురుపోయి ఉంది. నక్కో అంటే వద్దు, అది ఇంటి మాట. నొప్పి అన్నది బడి మాట. తరగతిలో గోల ఆగిపోయింది. మూగది మాట్లాడింది అని ఎవరో అనబోతే సింధూజ ఆ పిల్లవాడిని చూపుతోనే ఆపింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గాని ఏమీ కానట్టు, నొప్పి అంటోంది కదా, ముట్టుకోకు అని పక్క పిల్లకు చెప్పి, బోర్డు మీద లెక్క కొనసాగించింది. వెనక వరుసలో మునీరా దుపట్టా నోట్లో కుక్కుకుంది.

ఆ రోజు మళ్లీ ముబష్షిరా నోరు విప్పలేదు. ఇంటికి వెళ్లేటప్పుడు మునీరా పిల్ల ఎడమ పక్కకు, వినపడే చెవి వైపుకు మారి చెయ్యి పట్టుకుంది. దారిలో కనిపించిన జామకాయల బండి గురించి, తడి రోడ్డు గురించి, సాయంత్రం వండబోయే ఖిచిడీ గురించి ఉర్దూలో చెప్పుకుంటూ నడిచింది. పిల్ల బదులివ్వలేదు. మునీరా ఆపలేదు.