సెలూన్ అద్దంలో రోడ్డు

పిల్ల రోడ్డు దాటుతూ ఏ బండి కిందో పడిపోతుంది, ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఇదే, దీని ముందు మిగతావన్నీ చీమకాట్లు, జ్వరాలూ దొంగలూ గ్యాసు కట్టేశానో లేదో అన్న అనుమానాలూ వస్తాయి పోతాయి, ఇది మాత్రం పొద్దున పిల్లకు జడ వేస్తుంటే వచ్చి గుండెల మీద కూర్చుంటుంది, సాయంత్రం ఆ చిన్న బూట్లు గుమ్మం దగ్గర చెరోవైపు పడి కనిపిస్తే తప్ప లేవదు, ఇప్పుడూ కూర్చునే ఉంది, కుట్టు మిషను మీద తల వంచి ఎవరివో దిండు గలీబులకు అంచు కుడుతోంది కానీ చెవులు రెండూ కిటికీ బయటే ఉన్నాయి, కింద మలుపు దగ్గర పొద్దున్నుంచి చప్పుడే మారిపోయింది, ఎప్పుడూ పెట్రోలు బంకు వైపు నుంచి దూసుకొచ్చే లారీల రొద ఇవాళ కలప అడితి వైపు నుంచి వస్తోంది, నిద్రలో ఎవరో మంచం తిప్పేస్తే లేవగానే తలుపు ఎటుందో తెలియనట్టుగా ఉంది, మంచికే తిప్పారులే, మంచికే, ఆ వంకర రోడ్డు ఎంతమందిని మింగిందో ఊరందరికీ తెలుసు, ఎదురుగా ఉన్న గోడౌను గోడ చాటు నుంచి ఏటవాలుగా వచ్చి పెద్ద రోడ్డులో కలిసేది, బండ్లవాళ్లు బ్రేకు మీద కాలు పెట్టే పనే లేకుండా జారుకుంటూ వచ్చేవాళ్లు, అందుకే దాన్ని గోడౌను వెనక నుంచి తిప్పి అడితి పక్కన తిన్నగా తెచ్చి కలుపుతామని, ముందు కొన్నాళ్లు డ్రమ్ములు అడ్డం పెట్టి చూసి, కుదిరితే పక్కా రోడ్డు వేస్తామని మున్సిపాలిటీ ఇంజనీరు మీటింగు పెట్టి మరీ చెప్పాడు, గోడ మీద పెద్ద మ్యాపు తగిలించాడు, ఆమెకు ఆ గీతల్లో ఏది రోడ్డో ఏది కాలవో తెలియలేదు, అమ్మ మంచాన పడితే చెల్లెళ్లను చూసుకోవడానికి నాలుగులో బడి మానేసిన మనిషి, మ్యాపుల పాఠం వచ్చేలోపే చదువు అయిపోయింది, తెలిసినట్టు తలూపుతూ కూర్చుంది, పక్కన అత్తయ్య ఊరుకుంటుందా, లేచి నిలబడి నాయనా ఆ పిచ్చిగీతల్లో మా ఇల్లెక్కడుందో ముందది చెప్పు అని అడిగింది, హాలంతా నవ్వారు, ఇంజనీరు మాత్రం నవ్వకుండా దిగొచ్చి ఆవిడ వేలు పట్టుకుని మ్యాపు మీద పెట్టి ఇదిగో పెద్దమ్మా మీ ఇల్లు అన్నాడు, ఇంకా ఎవరికైనా ఏమైనా అడగాలని ఉందా అని ఈ వైపే చూశాడు, అత్తయ్య మోచేత్తో పొడిచింది, అడగవే అమ్మాయ్, రాత్రంతా నా బుర్ర తింటావు కదా, ఇప్పుడు నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా అంది, ఆమె లేవబోయి మళ్లీ కూర్చుంది, ఏం అడగాలో తెలిస్తే కదా, లోపల ఏదో తొలుస్తోంది కానీ దానికి మాటల్లేవు, ఇంటికి వచ్చాక ఆయన కూడా నవ్వాడు, బస్సు డిపోలో రోజంతా బ్రేకులు బాగుచేసేది నేను, నాకే లేని భయం నీకెందుకే, పిల్లను కొంగుకు కట్టుకుని ఎన్నాళ్లు తిరుగుతావు, రెండో తరగతికి వచ్చింది, దాన్ని దాటనీ అన్నాడు, అత్తయ్య కూడా అదే మాట, అందుకే ఈ ఏడు బడి తెరిచినప్పటి నుంచి ఒప్పందం కుదిరింది, పిల్ల బడి నుంచి గోడౌను గోడ దాకా తనంతట తానే వస్తుంది, ఆమె మాత్రం ఇటువైపు సెలూన్ మెట్టు మీద నిలబడి ఊపిరి బిగపట్టి చూస్తుంది, పిల్ల ఎదురుగా ఉన్న అద్దంలోకి చూసి, ఖాళీగా ఉంటే పరిగెత్తకుండా నడిచి.

అద్దం, మిషను ఆగింది, తనే ఆపిందో దానంతటదే ఆగిందో, దారం తెగి సూది గలీబులో గుచ్చుకునే ఉంది, అద్దం, దేవుడా, మీటింగులో నోటికి రాని మాట ఇదే, సెలూన్‌కు తలుపుల్లేవు, ముందంతా తెరిచే ఉంటుంది, లోపల గోడ పొడుగునా అద్దం, అవతల గోడౌను గోడ దగ్గర నిలబడ్డవాళ్లకు వంకర రోడ్డు కనిపించదు, గోడ అడ్డం, కానీ ఎదురుగా ఉన్న ఈ అద్దంలో మాత్రం బంకు పక్కన దాని మూతి స్పష్టంగా కనిపిస్తుంది, వచ్చే బండి కనిపిస్తుంది, అందుకే ఈ వీధివాళ్లు రోడ్డు దాటేటప్పుడు రోడ్డు వంక చూడరు, సెలూన్‌లోకి చూస్తారు, కింద వాటాలోకి కొత్తగా దిగిన పోస్టాఫీసు గుమాస్తా మొదట్లో ఈ ఊరివాళ్లకు సోకెక్కువ కాబోలు, ముసలీ ముతకా అందరూ జుట్టు చూసుకోందే రోడ్డు దాటరు అనుకున్నాడట, అది చెప్పుకుని ఎంత నవ్వుకున్నారు, తనకు ఆ అద్దం చూపించింది అత్తయ్యే, వీధికంతా చూపించిందీ ఆవిడేనట, కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో కాళ్లు వణుకుతూ ఆ గోడ దగ్గర నిలబడిపోతే, రోడ్డు చూసి భయపడకు అమ్మాయ్, రోడ్డు అబద్ధం చెబుతుంది, అద్దం చెప్పదు, అది ఖాళీగా ఉందా, కాలు దించు అంది, తను అదే పిల్లకు నేర్పింది, అన్నం ముద్ద నోట్లో పెడుతూ నేర్పింది, స్నానం చేయిస్తూ నేర్పింది, ఎక్కాల్లా వల్లె వేయించింది, అద్దం ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలి, కాలు దించాలి, మళ్లీ చెప్పు, కాలు దించాలి, ఇవాళ్టి నుంచి ఆ మూతికి అడ్డంగా డ్రమ్ములున్నాయి, అటు నుంచి బండి రాదు, అద్దం ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది, బండ్లన్నీ అడితి వైపు నుంచి వస్తాయి, అద్దంలో పడని వైపు నుంచి, పిల్ల చూస్తుంది, ఖాళీ, కాలు దించుతుంది, తనే నేర్పింది.

మెట్లు ఎలా దిగిందో తెలియదు, చెప్పు ఒకటి ఊడితే రెండోది కూడా అక్కడే వదిలేసింది, వేలికి కుట్టేటప్పుడు తొడుక్కునే అంగుస్తానా అలాగే ఉంది, సెలూన్ ముందు నుంచి ఇటూ అటూ చూసుకుంటూ దాటేసింది, ఇటు నుంచి వెళ్లేవాళ్లకు ఏ గోడా అడ్డం లేదు, వచ్చేవాళ్లకే ఈ తంటా అంతా, గోడౌను గోడ ఎండకు కాలుతోంది, బడి గంట కొట్టారా, ఇంకా కొట్టలేదా, కొట్టేసి పిల్లలు వేరే దారిన వెళ్లిపోయారా, వేరే దారి ఎక్కడుంది, ఎవరో పడిపోయారు అని ఎవరైనా అరుస్తున్నారా, లేదు, పళ్ల బండివాడు, వాడి గొంతే అంత, మొక్కులన్నీ ఒకదాని మీద ఒకటి గుర్తొచ్చి ఏదీ పూర్తిగా నోటికి రాలేదు, అంతలో మూల తిరిగి పిల్లల గుంపు, అందులో వదులైన జడ, నేల మీద ఈడ్చుకొస్తున్న నీళ్ల సీసా, తన పిడుగు, అత్తయ్య పెట్టిన పేరు, పిడుగు, ఎంత చక్కగా నడిచొస్తోందో చూడు ఏమీ జరగనట్టు, ఏమీ జరగలేదుగా, అమ్మా నువ్వు ఇటెందుకొచ్చావు, చెప్పుల్లేవేంటి అని అడిగింది, ఆ చిన్న చెయ్యి అరచేతిలో బిగించి పట్టుకుంది, ఇంక భయం లేదు, నా చేతిలో ఉంది, ఇంటికి వెళ్లి తలుపేసుకుని పాలు కాచి ఇస్తాను, అనుకుంటూ కళ్లెత్తి ఎదురుగా చూసింది, ఖాళీగా ఉంది, కాలు దించింది.

పిల్ల వెనక్కి లాగిన జోరుకు భుజం కలుక్కుమంది, ముఖం ముందు నుంచి వేడిగాలీ డీజిలు వాసనా చిన్న లారీ పక్కన పసుపు అక్షరాలూ వెళ్లిపోయాయి, డ్రైవరు ఏదో తిట్టాడు, తిట్టనీ, అమ్మా అటు కాదు ఇటు అంటోంది పిల్ల, అడితి వైపు వేలు పెట్టి చూపిస్తోంది, పొద్దున ప్రార్థన అవగానే ఇంజనీరు సారు వచ్చాడమ్మా, గ్రౌండులో చాక్‌పీసుతో ఇంత పెద్ద రోడ్డు గీశాడు, అందరితో దాటించాడు, సగం మంది సెలూన్ ఏది సార్ అని అడిగారు, సెలూన్ మర్చిపోండి అన్నాడు, నేను లారీని అయ్యానమ్మా, హారన్ కూడా కొట్టాను, తను ఇన్నేళ్లు వల్లె వేయించింది పిల్ల ఒక్కపూటలో చెరిపేసుకుంది, తను చెరుపుకోలేదు, మీటింగులో మ్యాపు చూసి, పొద్దున్నుంచి చప్పుడు విని, ఈ ముప్పే తలుచుకుంటూ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి కూడా తన కళ్లు వాటంతటవే అద్దంలోకి పోయాయి, కాలు దానంతటదే దిగింది, పిల్లే ఇటు చూసి అటు చూసి ఇప్పుడు రా అమ్మా అని దాటించింది, పెద్దరికం వెలగబెడుతూ, ఆమె వెంట నడిచింది.

సెలూన్ మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకుంటుంటే నవ్వొచ్చింది, ఆయనకు చెబితే డిపో అంతా చెప్పుకుని నవ్వుతాడు, నవ్వనీ, పిల్ల ఒళ్లో ఉంది, జుట్టుకు చాక్‌పీసు పొడి, నాన్నమ్మకు కూడా నేనే నేర్పిస్తానమ్మా, వచ్చిందా నాన్నమ్మ, అంది, ఆమె నవ్వు ఆగిపోయింది, అత్తయ్య ఇంకా రాలేదు, అవతల వీధిలో ఉంది, మంచాన పడ్డ వాళ్ల అక్కగారి దగ్గర, రోజూ భోజనం కాగానే వెళ్లి ఈవేళకు బయలుదేరుతుంది, ఇవాళ అక్కగారికి మరీ బాగాలేదని పొద్దున్నే వెళ్లింది, డ్రమ్ములు దించకముందే, ఇంజనీరు బడికి వెళ్లాడు, అక్కగారి మంచం దగ్గరికి ఎవరెళతారు, తను ఆ మాట ఆలోచించనేలేదు, పిల్ల కోసం పరిగెత్తిన కాళ్లు ఆవిడ కోసం ఒక్క అడుగు వెయ్యలేదు, అత్తయ్యకేమిటిలే, ఇనుప గుండు, కండక్టర్లతో తగువు పెట్టుకుని బస్సు ఆపించే మనిషి, ఆవిడ గురించి భయపడటమేమిటి అని, పోనీ ఎదురెళదామా, ఏ సందులోంచి వస్తుందో, అక్కగారింటి నుంచి ఒకోసారి మందుల షాపు మీదుగా వస్తుంది, ఒకోసారి బడి వెనక నుంచి, తను ఒక సందులో ఉండగా ఆవిడ ఇంకో సందులోంచి వచ్చి ఆ గోడ దగ్గర నిలబడి, కళ్లెత్తి, ఖాళీ, వద్దు, లేచి సెలూన్‌లోకి వెళ్లింది, ఎప్పుడూ మెట్టు దాటి లోపలికి రాని మనిషి, అన్నా ఆ అద్దం మీద ఏదన్నా కప్పెయ్యవా అంది, అతను కత్తి పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆపి, అద్దం కప్పేసి గుడ్డిగా గొరగమంటావా తల్లీ అన్నాడు, కుర్చీలో ముఖమంతా నురగతో ఉన్నాయన, నా మీసం రెండోవైపు కూడా అయ్యాక కప్పుకోమ్మా, ఇలా వెళితే మా ఆవిడ గుర్తుపట్టదు అన్నాడు, ఆమె నవ్వలేదు, మా అత్తయ్య వస్తుంది అన్నా, అద్దం చూసి దాటేస్తుంది, అందులో ఇప్పుడేమీ కనిపించదు కదా, ఇంతే అనగలిగింది, అతను తిరిగి తన అద్దంలోకి తానే కొత్తగా చూశాడు, డ్రమ్ములు, వాటి మీద ఒక కాకి, పొద్దున్నుంచీ అనుకుంటున్నా షాపులో ఏదో వెలితిగా ఉందని, ఇందులో బండ్లు తిరగడంలేదా అన్నాడు మెల్లగా, నురగాయన మెడ చుట్టూ ఉన్న తెల్లగుడ్డ లాగేసి, ఇంకొకటి తీసి, రెండూ అద్దం పైనున్న మేకులకు తగిలించాడు, ఆయన సగం మీసంతో నోరు తెరుచుకుని కూర్చున్నాడు.

అప్పుడు వచ్చింది అత్తయ్య, మందుల షాపు సందులోంచి, మడిచిన గొడుగు చేత్తో పట్టుకుని, రోడ్డు వైపు కన్నెత్తి కూడా చూడకుండా, తలెత్తి తిన్నగా సెలూన్ వైపే చూస్తూ, కాలు ముందుకు ఎత్తింది కూడా, అత్తయ్యా అని ఆమె పెట్టిన కేక ఒక బస్సు కింద నలిగిపోయింది, కానీ ఆ కాలు దిగలేదు, అద్దం ఉండాల్సిన చోట తెల్లగుడ్డ ఉంది, కాలు వెనక్కి తీసుకుంది అత్తయ్య, బంకు వైపు చూసింది, మళ్లీ తెల్లగుడ్డను చూసింది, దారి తప్పినదానిలా చుట్టూ చూసింది, తర్వాత వెనక్కి చెయ్యి చాపి గోడను తడుముకుంటూ వెతికి, దొరికాక అరచెయ్యి దానికి ఆనించి నిలబడిపోయింది, గొడుగు కొస వణుకుతోంది, ఇంత దూరానికి కూడా తెలుస్తోంది, అత్తయ్య వణకడం తను ఎప్పుడూ చూడలేదు, మామగారు పోయినప్పుడు కూడా చూడలేదు, పిల్ల చెయ్యి పట్టుకుని, అడితి వైపు చూసి, దాటి, దగ్గరికి వెళ్లేదాకా ఆ గొడుగు కొస వంకే చూస్తూ నడిచింది, ఏమీ లేదే అమ్మాయ్, కళ్లు తిరిగాయి అంతే, పద పద అంది అత్తయ్య, కానీ ఆ చెయ్యి వచ్చి ఆమె మణికట్టును పట్టుకున్న పట్టు కళ్లు తిరిగిన మనిషి పట్టు కాదు, పొద్దున పిల్ల జడ వేసేటప్పటి నుంచి తన లోపల ఉండే పట్టు అది, తనకు తెలుసు, అప్పుడు తెలిసింది ఆమెకు, అసలు ఆ అద్దాన్ని మొదట కనిపెట్టిందెవరు, అత్తయ్యే కదా, పడుచువయసులో, చంకలో బిడ్డతో ఈ గోడ దగ్గర ఎంతసేపు నిలబడి ఉంటే ఎదురుగా ఎవరిదో క్షవరం దుకాణంలో దారి దొరికి ఉంటుంది, భయంలేని మనిషి రోడ్డు దాటడానికి పరాయివాళ్ల అద్దం వెతుక్కోదు, ఈవిడ ఇన్నేళ్లూ తనలాగే రోజూ భయపడుతూనే ఉంది, ఇంట్లో ఒక్కరూ అడగలేదు, తనూ అడగలేదు, ఇప్పుడు అడిగినా ఒప్పుకోదు, రేపు భోజనం కాగానే మళ్లీ అక్కగారింటికి బయలుదేరుతుంది, ఎవరూ వెంట రావద్దంటుంది, తను కుట్టు మీద ఉండొచ్చు, పిల్ల బడిలో ఉండొచ్చు, సెలూనతను అద్దం మీద గుడ్డ తీసేసి ఉండొచ్చు, అతనూ బతకాలి కదా, కాబట్టి మీరెవరైనా ఆ మలుపు మీదుగా వెళుతుంటే, అవతలివైపు గోడౌను గోడకు చెయ్యి ఆనించి, మడిచిన గొడుగుతో ఒక పెద్దావిడ నిలబడి కనిపిస్తే, దాటిస్తానని చెయ్యి పట్టుకోకండి, కోపం వస్తుంది, ఊరికే పక్కన నిలబడండి, అడితి వైపు ఒకసారి చూడండి, ఆవిడ కూడా అటు చూసిందో లేదో చూడండి.