చెక్క పడవ తడి

పొద్దున్నే, సముద్రం మీదికి పోయేవాళ్ళని కాచే కొంపిర స్వామి గుడి తుడవడం ఇసో పని. గుడి కప్పు నుంచి ఊళ్ళోని ఒక్కో పడవకి గుర్తుగా ఒక్కో చెక్క పడవ బొమ్మ వేలాడుతుంది. అసలు పడవ సముద్రం మీద తేలుతున్నంత కాలం దాని బొమ్మ నుంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. కారడం ఆగితే పూజారి దాన్ని దించేస్తాడు, ఆ ఇంటివాళ్ళు దినాలు చేసుకుంటారు. నేలంతా చిత్తడవుతుందని ఇసో విసుక్కునేదే తప్ప, అందులో వింతేముంది?

మంచు పడే రోజుల్లో, ఒక పొద్దున, కొడుకు కిచిజి పడవ బొమ్మ పొడిగా కనిపించింది. ఇంకెవరూ చూడలేదు. ఇసో చేతులు కడుక్కునే తొట్టిలోంచి గరిటెడు నీళ్ళు తెచ్చి దాని మీద పోసింది. అప్పట్నుంచి రోజూ అదే పని.

చేపలు ఎండబెట్టే చోట, తోటి ఆడవాళ్ళలో ఒటోరా ఊరుకోదు.

"ఏమే ఇసో, నీ కొడుకు ఏ రేవులో ఎవర్తెకి చిక్కాడే? ఇక్కడ పడవలు చెక్కే జింపాచి నీ కోడల్ని పెళ్ళికి అడగాలని చూస్తున్నాడు. బొమ్మ కారుతుంటే నోరెలా తెరుస్తాడు పాపం!"

"మూసుకునే ఉండమను," అంది ఇసో, అందరితోపాటు నవ్వుతూ. కోడలు సాయో వెళ్ళిపోతే ఆ ఇంట్లో తనొక్కతే.

మర్నాడు మునివేళ్ళ మీద నిలబడి నీళ్ళు పొయ్యబోతుంటే వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి గరిటె పట్టుకుంది.

"మీకందదు అత్తయ్యా. ఇటివ్వండి," అంది సాయో.

ఇసో గిరుక్కున వెనక్కి తిరిగింది. "నీకు... తెలుసా?"

"మంచు పడ్డప్పుడే తెలుసు. ఆయన పేరున రోజూ అన్నం పెడుతున్నాగా. మనిషి బతికుంటే గిన్నె మూతకి లోపల చెమట పడుతుంది. అది పట్టడం మానేసింది. మీరు చూస్తారని నేనే మూత తడిపి పెడుతున్నా."

ఇసో కోడలి చేతులకేసి చూసింది. చేపలు కోసి కోసి పగిలిపోయిన చేతులు. పాతికేళ్ళన్నా లేవు పిల్లకి. గరిటె లాక్కుని నీళ్ళు మెట్ల మీద పారబోసింది.

"పూజారి గారూ! మా పడవ ఎండిపోయింది. దించెయ్యండి."

"వద్దు అత్తయ్యా!"

"జింపాచి మంచివాడేనే. తాగడు. సముద్రం మొహం చూడడు."

పూజారి నిచ్చెన తెచ్చి, బొమ్మ దించి, ఇసో చేతుల్లో పెట్టాడు. ఎండిన చెక్క. పసిబిడ్డంత బరువు కూడా లేదు. అత్తాకోడళ్ళిద్దరూ ఆ మెట్ల మీదే కూలబడి గొంతెత్తి ఏడ్చారు. ఎవరూ వాళ్ళని ఊరుకోమనలేదు.