తాగనివాడి సాక్ష్యం

కృపాదానం ఆ ఇంటికి వస్తే ముందు ముక్కుతోనే పలకరించేవాడు. జ్ఞానప్రకాశం మంచం పక్కన కూర్చుని, ప్రార్థన చేసే నెపంతో ముఖం దగ్గరకు వంచి, నోటి వాసన చూసేవాడు. అది చూసి ఎలిశబెతుకు ఒళ్లు జలదరించేది. మొగుడి కడుపులోంచి నెల్లూరు డాక్టరు సూదితో తీసిన పచ్చటి నీళ్లు బేసిన్‌తో మోసి పారబోసినప్పుడు కూడా ఆమెకు అంత రోత పుట్టలేదు.

జ్ఞానప్రకాశం మైపాడులో పడవలు కట్టే వడ్రంగి. బుద్ధెరిగాక కల్లు గానీ సారా గానీ నోట పెట్టినవాడు కాదు. అయినా కడుపు కుండలా ఉబ్బేసరికి ఊరంతా ఒకటే మాట అనుకుంది. మద్యనిషేధం రోజులు కదా, దొంగచాటుగా తాగి ఉంటాడని. సంఘపెద్ద కృపాదానం అక్కడితో ఆగలేదు. తాగుబోతుకు ప్రభువు బల్ల దగ్గర చోటు లేదని సంఘం చేత అనిపించి, ఆ బల్ల దగ్గర పంచే రొట్టె, ద్రాక్షారసం అతనికి ఆపించాడు.

డాక్టరు చెప్పింది ఎవరి చెవికీ ఎక్కలేదు.

"ఎప్పుడో పచ్చకామెర్లు వచ్చి పోయినాయి గదమ్మా, లివరు అప్పుడే దెబ్బతినింది. తాగనివాళ్లకీ వస్తుంది ఇది" అన్నాడాయన. నీళ్లు తోడడం, మళ్లీ ఊరడం చూసి చూసి, కొత్తగా వచ్చిన బిళ్లలు రాశాడు. ఒంట్లో చేరిన నీరు మూత్రంలో పోతుందట. ఉప్పు మాత్రం పూర్తిగా మానాలి. "చెడిన లివరు మళ్లీ కొత్తది కాదు. కానీ చెప్పినట్టు వింటే ఇంకా కొన్నేళ్లు బతుకుతాడు. మొన్నమొన్నటిదాకా ఈ మాట చెప్పే ధైర్యం మాకు లేదు."

ఎక్కడ చూసినా ఎండుచేపలు ఆరేసే ఊళ్లో ఎలిశబెతు ఉప్పులేని కూర వండింది. తనూ అదే తిన్నది. మెల్లగా కాళ్ల వాపు తీసింది, కడుపు తగ్గింది. జ్ఞానప్రకాశం మళ్లీ బాడిసె పట్టుకున్నాడు.

అప్పుడు వచ్చాడు కృపాదానం, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ.

"దేవుడు నీ చేత తాగుడు మాన్పించినాడు. కళ్లకు కనపడతానే ఉండాది. వచ్చే ఆదివారం బల్ల. తాగినాను, మానినాను, ప్రభువు బాగుచేసినాడు అని లేచి సాక్ష్యం చెప్పు. ఆ పూటే నిన్ను చేర్చుకుంటాం."

"ఆయన తాగిందెప్పుడయ్యా, మానేదానికి?" అంది ఎలిశబెతు.

"మొగోడు పెళ్లానికి చెప్పి తాగతాడా అమ్మా?" అన్నాడు కృపాదానం. పోతూ పోతూ ఇంకోసారి వాసన చూసి మరీ పోయాడు.

"నువ్వు చెప్పబాకయ్యా" అంది ఆమె మొగుడితో.

అతను తల వంచుకున్నాడు. "చచ్చేలోపల మళ్లీ ఒక్కసారన్నా బల్లలో చెయ్యి పెట్టాలని ఉండాదే. ఒక్క అబద్ధమే గదా."

ఇన్నాళ్లూ అతని ఒంటిని చూసి ముఖం తిప్పుకోని మనిషి, ఆ మాటకు ముఖం తిప్పుకుంది.

ఆదివారం జ్ఞానప్రకాశం లేచి, తాగినానన్నాడు. జనం స్తోత్రం అన్నారు. ఇన్నాళ్లూ తనను తప్పించుకు తిరిగినవాళ్లు స్తోత్రం అనేసరికి అతనికి ఊపు వచ్చింది. పడవ కింద సీసాలు దాచినానన్నాడు. ఇంకా గట్టిగా స్తోత్రం అన్నారు. చివరికి, తాగొచ్చి ఎలిశబెతును కొట్టేవాణ్ణని ఏడ్చాడు. గుడి మారుమోగిపోయింది.

ఎలిశబెతు లేచి నిలబడింది.

"మా ఆయన ఏనాడూ తాగలేదు. నా మీద చెయ్యెత్తలేదు. చెయ్యని పాపానికి అప్పుడు వెలేసినారు. ఇప్పుడు దేవుడి ముందర నిలబడి నిజంగా అబద్ధమాడినాడు. వెలేసేదుంటే దీనికి వెయ్యండి."

కృపాదానం జాలిగా తలాడించాడు. "చూసినారా, ఇప్పటికీ మొగుడి తప్పు కప్పిపెడతా ఉండాది. ఉత్తమ ఇల్లాలు" అని, రొట్టె పళ్లెం తీసుకుపోయి జ్ఞానప్రకాశం ముందు పెట్టాడు. అతను భార్య వైపు చూడకుండా ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

ఎలిశబెతు కూలబడింది. పక్కనే ఉన్న పొరుగింటి రెబెక్కమ్మ దగ్గరకు జరిగి, ఆమె వీపు నిమరసాగింది.

"ఎన్ని దెబ్బలు తినినావో తల్లీ" అంది, కళ్లు తుడుచుకుంటూ.