రెండు సున్నాల కాలువ

ఒక్క తడి. ఆ ఏడాది కార్తీకంలో మా మిరపచేను అడిగింది ఒక్క తడి నీళ్లు. మూడెకరాల నిండా పూత, పిందె. నీళ్లు పారితే పంట, లేకపోతే పొయ్యిలోకి కట్టెలు. అంతే.

మా వంతు రోజున లాకు దగ్గరికి వెళ్తే మా తూముకి తాళం వేసి ఉంది. కాలువలో అడుగు మేర నీళ్లు కళ్లెదుటే కదులుతున్నాయి, పక్క కాలువకి మళ్లి పోతున్నాయి. తలుపులు ఎత్తి దించే లస్కరు రంజాన్ తల వంచుకుని గట్టు మీద కూర్చున్నాడు.

"మీ వంతు కొట్టేశారు శివపార్వతక్కా. మీ చేలు ఇప్పటికే తాగేశాయంట. గుంటూరులో కంప్యూటరు చెప్పిందంట."

"ఏం తాగాయయ్యా, నా కన్నీళ్లా? ఆ కంప్యూటరు నా చేలోకొచ్చి చూసిందా?"

నా నోరంటే ఊళ్లో అందరికీ హడలు. నీటి సంఘంలోకి నన్ను ఎన్నుకున్నదే అందుకు. మా ఆయన బాపయ్య మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. "వెళ్లి అడిగిరా" అన్నాడు, చేను వైపు చూస్తూనే. మర్నాడు వినుకొండలో బస్సెక్కి గుంటూరు వెళ్లాను.

ఆఫీసులో పెద్ద స్క్రీను. దాని మీద మా కాలువ మొత్తం, లాకులతో, చేలతో సహా. అది తయారు చేసిన కంపెనీ కుర్రాడు లక్ష్మీకాంత్ కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"ఇది మీ కాలువకి కవల లాంటిదమ్మా. లాకుల నుంచి రోజూ ఫోన్లో కొలతలు చెబుతారు. అక్కడ ఏం జరిగితే ఇక్కడ అదే కనబడుతుంది."

నా చేను పచ్చగా మెరిసిపోతోంది. తడి అందిన చేనుకి పచ్చరంగట.

"పై లాకు దగ్గర మూడడుగులు, మీ లాకు దగ్గర ఒక్కడుగు. మధ్యలో రెండడుగుల నీళ్లు మీ చేలు తీసుకున్నట్టేగా?" అన్నాడు ఆ పక్కనే ఉన్న పెద్ద ఇంజనీరు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ రెండడుగులూ బురదండీ!" అన్నాను.

మా లాకు దగ్గర ఓ ఆనవాయితీ ఉంది. నీళ్లు వదిలే ముందు రైతులమంతా దిగి, పూడిక ఎక్కడిదాకా పేరుకుందో చూసి, కొలత బద్ద మీద ఆ బురద పైమట్టం దగ్గర సున్నా కొత్తగా గీస్తాం. కొబ్బరికాయ కొడతాం. బురదని కూడా నీళ్లనుకుంటే మోసపోయేది మేమేగా! పై లాకు వాళ్లేమో కాలువ తవ్విననాటి అడుగుమట్టం నుంచి, రెండడుగుల పూడికతో కలిపి చెబుతారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. రెండు చోట్లా సున్నా ఒకటేనని కంప్యూటరు అనుకుంది, అంతే.

లక్ష్మీకాంత్ మొహం పాలిపోయింది. పెద్ద ఇంజనీరు మాత్రం అందరినీ పిలిపించి మీటింగు పెట్టాడు. అసలు సున్నా తమదేనన్నారు పై లాకు వాళ్లు. అడుగులొద్దు, నీళ్లు పారిన గంటలు లెక్కేద్దామన్నాడు వ్యవసాయం ఆఫీసరు. టీలు తాగారు, కమిటీ వేశారు.

"అందరూ ఒక మాట మీదికి వచ్చేదాకా నేను రంగు మార్చలేనమ్మా. నా ఇష్టానికి మారిస్తే రేపు దీన్నెవరూ నమ్మరు" అన్నాడు లక్ష్మీకాంత్.

"సున్నా సంగతి ఏడాదంతా తేల్చుకోండి బాబూ. ముందు తూము తీయించండి."

"తీయాలంటే ఇక్కడ మీ చేను ఎండినట్టు కనబడాలి కదమ్మా" అన్నాడు పెద్ద ఇంజనీరు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. దేవుడా, వీళ్లకి ఎట్లా చెప్పేది!

ఉత్త చేతులతో ఇల్లు చేరాను. పూత రాలింది. తర్వాత పిందె రాలింది. బాపయ్య రోజూ చేలోకి వెళ్లి, రాలిన పిందెలు ఏరి తువ్వాలులో మూటగట్టుకొచ్చేవాడు. దేనికని అడగలేకపోయాను. ఒకనాడు రంజాన్ చూడలేక తాళంచెవి పట్టుకుని లేచాడు.

"తీసేస్తానక్కా, పోతే ఉద్యోగం పోతుంది."

నేనే కూర్చోబెట్టాను. నలుగురు పిల్లల తండ్రి. ఎవరి కడుపు కొట్టి నా చేను తడుపుకోను?

చివరికి కమిటీ తేల్చింది. ఇకనుంచి ప్రతి కొలతతో పాటు అది ఎక్కడి నుంచి కొలిచిందో కూడా చెప్పాలి. అన్ని లాకులకీ ఒకే గుర్తురాయి ఉండాలి. మంచి మాటే. కాదనను. కానీ అప్పటికి పైనుంచి నీళ్లు కట్టేశారు. బాపయ్య మొక్కలన్నీ పీకి గట్టు మీద కుప్ప వేశాడు, మాట్లాడటం పూర్తిగా మానేశాడు.

సంఘం తరఫున చూసి ఒప్పుకోవాలని నన్ను మళ్లీ గుంటూరు పిలిచారు. స్క్రీను మీద కాలువ ఎండిపోయి ఉంది. నా చేను బూడిదరంగులో ఉంది.

"ఇప్పుడు అక్కడా ఇక్కడా ఒకటేనమ్మా. తప్పు సరిచేశాం" అన్నాడు లక్ష్మీకాంత్. నా మొహం చూసి గొంతు తగ్గించాడు.

ఆ పచ్చరంగు చెరిపించడానికి ఇదే గదిలో ఎంత గొంతు చించుకున్నానో! ఇప్పుడు దగ్గరికి వెళ్లి స్క్రీను మీద చెయ్యి పెట్టాను, నా చేను ఉన్నచోట.

"ఆ పచ్చరంగే ఉంచకపోయావా నాయనా" అన్నాను. "అక్కడన్నా మా ఆయన చేను పండేది."