పసుపు పూసిన పిల్ల

గోళ్ల చప్పుడు.

బండ మీద గోళ్ల చప్పుడు.

మిట్టమధ్యాహ్నం. వాకిట్లో ఎండ తెల్లగా మండుతోంది. వెనకాల బియ్యం మిల్లు కూడా అన్నాలవేళకి ఆగింది. రేకుల మీద కాకి లేదు. తలుపేసిన కొట్టంలో మాత్రం... గర్... గర్... గర్.

కెంపి తవ్వుతోంది.

బండని తవ్వితే మన్ను రాదు. అయినా తవ్వుతోంది. నిన్నటి నుంచి తవ్వుతోంది.

తాయమ్మ గడప ఇవతల కూర్చుంది. ఒడిలో దూది పరిచిన గంప. గంపలో పిల్ల. పిడికెడు పిల్ల. కళ్లు తెరవని పిల్ల. మేకపాలలో ముంచిన దూదివత్తి నోట్లో పెడితే రెండు చుక్కలు మింగి వదిలేస్తోంది. పొద్దున అరిచింది. ఇప్పుడు అరవడం లేదు.

అరవకపోవడమే తాయమ్మ భయం.

తల్లిపాలు పడకపోతే రేపటికి ఉండదు. తల్లి దగ్గర పెడితే — ఈ పూటకే ఉండదేమో.

ఐదేళ్లు ఆమె కాళ్ల దగ్గర పడుకున్న కుక్క అది. ఎర్రటి ఒళ్లని చూసి ఆమే కెంపి అని పేరు పెట్టింది. జొన్నరొట్టె అంచు తుంచి విసిరితే నేల మీద పడనిచ్చేది కాదు. వానొస్తే ఆమె చీర కుచ్చిళ్లలోకి దూరేది.

ఆ కుక్క కాదు ఇది.

రెండు రోజులు నొప్పులు పడింది. మూడో రోజు పశువుల డాక్టరు వచ్చి, చేతికి తొడుగు వేసుకుని, ఒక్కొక్కదాన్నే బయటికి తీశాడు. మూడు చచ్చి పుట్టాయి. నాలుగోది కదిలింది. సూది వేసి, పిల్లని ముట్టకండి, తల్లినే నాకనివ్వండి అని ఆ సరిహద్దు ఊళ్లో అందరికీ తెలిసిన కన్నడంలో రెండుసార్లు చెప్పి వెళ్లాడు. తాయమ్మ తల ఊపింది. మగమనిషికి పురిటి సంగతులేం తెలుసులే అనుకుంది.

కెంపి సొమ్మసిల్లి పడి ఉంది. మరిది హనుమన్న చచ్చిన మూడింటినీ, అవి పుట్టిన గోనెసంచినీ ఎత్తుకుపోయి, మిల్లు వెనక ఊక కుప్ప పక్కన గుంత తీసి పూడ్చాడు.

తాయమ్మ నీళ్లు కాచింది. పసుపు కలిపింది. బతికిన పిల్లని శెనగపిండితో రుద్ది స్నానం చేయించింది. సాంబ్రాణి పొగ పట్టింది. నుదుట కాటుక చుక్క పెట్టింది. ఆ ఇంట్లో ఏ పసిగుడ్డుకైనా అంతే కదా. జిగురుతో, నెత్తుటితో ఎట్లా వదిలేస్తారు?

కెంపి తల ఎత్తింది. తాయమ్మ నవ్వుతూ పిల్లని పొట్ట దగ్గర పెట్టింది.

కెంపి వాసన చూసింది.

మళ్లీ చూసింది.

పెదవి పైకి లేచింది. పళ్లు కనబడ్డాయి. గొంతులో ఎక్కడో లోతున... మిల్లు మొదలయ్యేటప్పటి చప్పుడు.

తాయమ్మ పిల్లని లాక్కుంది. పిల్ల ఉన్న చోట, కెంపి గాలిని కొరికింది.

అప్పటి నుంచి ఇంతే. తినదు. మూలకేసి చూస్తుంది. మూలలో ఏమీ ఉండదు. తవ్వుతుంది. అలసిపోతే, లోపలికి లాక్కుపోయిన హనుమన్న ఎడమకాలి చెప్పు చుట్టూ ముడుచుకుని పడుకుంటుంది. దాన్ని నాకుతుంది. పొట్టకి లాక్కుంటుంది. ఆ చెప్పు తీసుకోబోయిన హనుమన్న చెయ్యి కరిచింది నిన్న.

పొద్దున ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని, సూది వేయించుకుని వచ్చాడు. వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"పిచ్చి లేసింది వదినా దానికి. కన్నదాన్ని కొరుకుతున్నది. నా చెప్పుకు తల్లైంది."

నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

నాలుగింటికి ఆటో వస్తుందని, కెంపిని సంచిలో వేసి కృష్ణ దాటించి వదిలేస్తానని చెప్పాడు. పక్కింటి సౌభాగ్య పిల్లలు గోడ దూకి ఇటే వస్తారని, రేపు ఏమన్నా అయితే ఆ తల్లికి ఏమని చెబుతామని అడిగాడు.

తాయమ్మ లేచింది.

గంప పక్కన పెట్టింది. గిన్నెలో నీళ్లు పోసింది. తలుపు జానెడు తెరిచింది. కర్రతో గిన్నెని లోపలికి తోసింది.

కర్రతో.

చేతిలోని కర్రని చూసుకుంది తాయమ్మ.

నలభై ఏళ్ల కిందట ఒక కర్ర ఇట్లాగే కంచాన్ని లోపలికి తోసింది. ఇదే కొట్టం. ఇదే గడప. లోపల తాయమ్మ. తొలిచూలు. రెండు రోజుల నొప్పులు. కదలని బిడ్డని మంత్రసాని సుంకవ్వ బట్టలో చుట్టి తీసుకుపోయింది. ఆడో మగో చెప్పలేదు. చూపించలేదు. చూస్తే మనసు పాడవుతుందన్నారు.

పాలు మాత్రం వచ్చాయి.

మూడోనాడు రోటి పొత్రాన్ని పాతచీరలో చుట్టి ఒడిలో పెట్టుకుంది తాయమ్మ. దాన్ని తీసుకోబోయిన ఆడపడుచుని కొరికింది. కొరికింది... నిజం. తలుపు సందులోంచి చూసిన అత్త కళ్లు ఇప్పటికీ గుర్తే. ఆ కళ్లలో కోపం లేదు. భయం.

ఆ కళ్లే ఇప్పుడు తన ముఖంలో.

పిచ్చి కాదు అది. తాయమ్మకు తెలుసు. ఒడి వెతుక్కుంటుంది, అంతే. ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది.

కానీ కెంపి ఏదో ఒకటి పట్టుకోలేదు. చెప్పునే పట్టుకుంది. ఎందుకు?

అరుగు కింద కుడికాలి చెప్పు పడి ఉంది. జత పోయిందని హనుమన్న విసిరేసింది. దాని మీద ఈగలు. తాయమ్మ వంగి తీసింది. అడుగున ఏదో ఎండి అట్ట కట్టింది. ఆ అట్టకి ఊక అంటింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

పురిటి వాసన.

ఆ రోజు హనుమన్న గోనె మీద నిలబడి కెంపిని పట్టుకున్నది ఈ చెప్పులతోనే. ఉమ్మనీరు తొక్కింది ఈ చెప్పులతోనే. గోనె మట్టిలోకి పోయింది. బండల్ని ఫినాయిలుతో కడిగింది తాయమ్మే. పిల్లని పసుపుతో కడిగింది తాయమ్మే. అంతా కడిగేశాక కెంపికి తన బిడ్డ గుర్తుగా మిగిలింది... ఒక చెప్పు.

చెప్పు మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లింది. పిల్లని చేతిలోకి తీసుకుంది.

ఆగింది.

పసిదాన్ని చెప్పుతో రుద్దడం. చెయ్యి రాలేదు.

లోపల గోళ్ల చప్పుడు.

కాటుక చుక్కని బొటనవేలితో తుడిచేసింది. కళ్లు గట్టిగా మూసుకుని రుద్దింది. వీపు. తల. పొట్ట. దారంలాంటి తోక. పసుపు మీద నల్లటి తడి.

హనుమన్న లేచి నిలబడ్డాడు.

"ఏం జేస్తున్నవ్ వదినా?"

"నేను జేసింది తీసేస్తున్న."

"లోపటికి పోకు. నా చెయ్యి సూసినవ్ గద."

"సూసిన." తాయమ్మ కర్రని గోడకు ఆనించింది. "మీ అమ్మ నా కాడికి రాలే హనుమన్నా. కట్టెనే వచ్చింది."

హనుమన్న మళ్లీ కూర్చున్నాడు.

తలుపు తెరిచింది.

చీకటి. వేడి. చప్పుడు ఆగింది. మూలలో రెండు పచ్చటి చుక్కలు వెలిగాయి.

గుర్రు.

తాయమ్మ మోకాళ్ల మీద వంగింది. పాకింది. ముందుకు చాచిన అరచేతిలో పిల్ల. చెయ్యి జరిగితే పిల్ల కదిలింది. పిల్ల కదిలితే గుర్రు పెరిగింది. పళ్లకీ చేతికీ మధ్య జానెడు. ఆ పళ్ల మధ్య పట్టేంత పిల్ల.

తడిముక్కు వేలికి తగిలింది.

పిల్లకి తగిలింది.

ఊపిరి లోపలికి పీల్చిన చప్పుడు. ఒకసారి. మళ్లీ ఒకసారి. గుర్రు ఆగలేదు. సన్నబడింది... ఆగలేదు.

కెంపి నోరు తెరిచింది.

తాయమ్మ కళ్లు మూసుకుంది. చెయ్యి మాత్రం వెనక్కి తీయలేదు.

అరచేతిలో బరువు పోయింది.

చీకట్లో ఒక అరుపు. సన్నటి అరుపు. పొద్దున్నుంచి అరవని పిల్ల అరుపు. నొప్పిదో, ఆకలిదో...

వినబోయింది. ఎక్కడో లోతున చప్పుడు మొదలైంది. వెనకాల మిల్లుదో, కెంపి గొంతుదో తాయమ్మకు తెలియలేదు.

బండ మీద, మెల్లగా, గోళ్ల చప్పుడు. ఆ వెంటే, తడిగా, నాకే చప్పుడు.