చివరి కాగితం అంచు

సభ్యులంతా సంతకాలు చేసిన కొత్త దేశపు రాజ్యాంగాన్ని సభ గుమాస్తాగారు తెల్లగుడ్డలో చుట్టి మా బాబాయి బైండింగు షాపుకి తెచ్చిన రోజున నేను జిగురు కలుపుతున్నాను. బాబాయి రెండుసార్లు చేతులు కడుక్కుని గానీ ఆ మూట ముట్టుకోలేదు.

"వచ్చే సోమవారం దీని మీద చెయ్యి పెట్టి కొత్త ప్రభుత్వం ప్రమాణం చేస్తుంది. అంచులు మూడు వైపులా కత్తితో సమంగా కొట్టి బంగారుపూత వెయ్యాలి. ఇలాంటిది ఇదొక్కటే ప్రతి. జాగ్రత్త," అన్నారు గుమాస్తాగారు.

పిన్ని మడతపెట్టిన కాగితాల ఫారాలు కుడుతుంటే వరుసగా అందించడం నా పని. అందించే ముందు ప్రతి పేజీ చదివేదాన్ని.

"ఇది కాగితాలు అందిస్తోందో పరీక్షకి చదువుతోందో తెలియడం లేదు," అంది పిన్ని. "అడిగితే చెప్పదు కదా. మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయి!"

నేను తల దించుకున్నాను. మా ఊరి బడిలో కూడా అంతే. జవాబు తెలిసినా చెయ్యి ఎత్తేదాన్ని కాదు.

చివరి కాగితం మీద పెద్ద పెద్ద సంతకాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి. కుడివైపు అంచుని ఆనుకుని ఒక వేలిముద్ర ఉంది. దాని గురించి మర్నాడు పని చూడడానికి వచ్చిన గుమాస్తాగారే బాబాయికి చెప్పారు. ఏటి అవతలివాళ్ళు మేం కొత్త దేశంలో కలవం అని ఏడాదిపాటు భీష్మించుకుని కూర్చున్నారట. పడవ నడిపే ఒకాయన గడపగడపకీ తిరిగి వాళ్ళని ఒప్పించి, వాళ్ళ తరఫున సభకి వచ్చాడట. సంతకాల రోజు ఏరు పొంగి ఆలస్యమైంది. ఆయన వచ్చేసరికి మిగిలిన జాగా అంతే.

"ఎవరైనా కాస్త జరిగి సంతకం పెట్టొచ్చుగా," అంది పిన్ని దారం కొరుకుతూ.

"పెద్దవాళ్ళు జరగడం ఎప్పుడైనా చూశావా అమ్మా?" అని నవ్వారు గుమాస్తాగారు.

మూడో రోజు అంచులు కొట్టే పని. చూడడానికి గుమాస్తాగారు మళ్ళీ వచ్చారు. అది చేత్తో చేసిన కాగితం. ఒక్కో కాగితం ఒక్కో కొలత. అందుకే అన్నిటికంటే పొట్టి కాగితం దగ్గరికి కత్తి దించాలి. బాబాయి పుస్తకాన్ని కటింగ్ మిషన్‌లో సర్ది, గీత చూసుకుని, కత్తిని దించే చక్రం పట్టుకున్నాడు. ఆ గీత అంచు నుంచి వేలెడు లోపలికి ఉంది. ముద్ర గీతకి అవతల, తెగిపడే వైపు ఉంది.

చెప్పాలనుకున్నాను. చక్రం కదిలింది. నేను వెళ్ళి కత్తి కింద చెయ్యి పెట్టేశాను.

"వేళ్ళు తెగుతాయే పిచ్చిమొహమా!" బాబాయి చక్రం వెనక్కి లాగేశాడు. "ఏమొచ్చింది నీకు?"

"ఆ పడవాయన ముద్ర... తెగిపోతుంది బాబాయ్."

బాబాయి వంగి చూశాడు. ముప్పై ఏళ్ళుగా ఏ పుస్తకమైనా కుట్టగానే అంచు కొట్టడం ఆయనకి అలవాటు. అంచు పక్కన ఏముందో చూసుకునే అవసరం ఎప్పుడూ రాలేదు.

"లోపల ఆయన పేరు అచ్చులో ఉందిగా. ముద్ర పోతే కొంప మునగదు," అన్నారు గుమాస్తాగారు.

"తెగేది మీ సంతకమైతే?" అంది పిన్ని.

"నా సంతకం ఎవడికి కావాలమ్మా? అంచు కొట్టకపోతే పూత పట్టదు. పూత లేకుండా తీసుకెళ్తే నా ఉద్యోగం ఊడుతుంది."

బాబాయి పుస్తకం బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. చివరి కాగితం తెరిచాడు.

"ఇది కోసేస్తే ఏటి అవతలివాళ్ళు ఏమంటారండీ?"

గుమాస్తాగారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "మమ్మల్ని కోసి పారేశారంటారు," అన్నారు మెల్లగా.

"ఈ ఒక్క కాగితం అంచు లోపలికి మడిచి మిగతావి కొడతాను. తర్వాత మడత విప్పితే ముద్ర ఉంటుంది. కానీ ఆ కాగితం అట్ట దాటి బయటికి పొడుచుకొస్తుంది."

"అందరి కళ్ళూ దాని మీదే పడతాయి. మీకు పని రాదనుకుంటారు."

"అనుకోనివ్వండి."

అన్నాడే గానీ ఆయన చెయ్యి ఆగింది. వెంట్రుకంత వంకర వచ్చినా పుస్తకం విప్పి మళ్ళీ కుట్టే మనిషి. పిన్ని మడత పెట్టే ఎముకపుల్ల తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన కాగితాన్ని నలగకుండా మడిచాడు. కత్తి దిగింది. తెగిన చీలికలు నా పాదాల మీద పడ్డాయి. వాటిలో ముద్ర లేదు.

ప్రమాణం అయిన మర్నాడు జనం చూడడానికి ఆ పుస్తకాన్ని సభ హాల్లో పెట్టారు. మేం ముగ్గురం వరుసలో నిలబడ్డాం. బంగారు అంచుల మధ్య నుంచి ఆ ఒక్క కాగితం వేలెడు బయటికి వచ్చి ఉంది. మా ముందున్న పెద్దమనిషి దాన్ని చూసి పెదవి విరిచాడు.

"ఇంత పెద్ద పని ఎవడికో చేతకానివాడికి ఇచ్చారు. అంచు కొట్టడం కూడా రాదు!"

నాకు ఒళ్ళు మండింది. ఈసారి మాట పెదవుల దాకా వచ్చింది. బాబాయి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అవునండీ. కొలత తప్పినట్టున్నాడు," అన్నాడు.

వరుస ముందుకి కదిలింది.