జంతికల పిండి మెదడు

చర్చి వంటశాలకి ఐసు వేసిన థర్మోకోల్ పెట్టె వచ్చిందంటే అందులో ఉన్నది వండాలి. కొల్లేటి ఊళ్లలో దానికి ఇంకో అర్థం లేదు. కాబట్టి ఆ శనివారం పొద్దున్న గుమ్మం పక్కన పెట్టె కనబడగానే అక్కడ వంట చేసే విక్టోరియా మూత తీసింది. చేపలు కావు, మేక మెదళ్లు. ఆ రోజు చర్చి హాల్లో మాట్లాడ్డానికి హైదరాబాదు నుంచి వస్తున్న శాస్త్రవేత్తలకి మంచి రుచే ఉందనుకుని, మిరియాలు దంచి వేపుడు చేసేసింది.

దాక దించాక పొరుగింటి అచ్చమ్మ వచ్చి గుండెలు బాదుకుంది.

"అవి తినడానిక్కాదే! మెదడెలా పనిచేస్తుందో పిల్లలకీ పెద్దలకీ కోసి చూపిస్తారంట. డాక్టరమ్మగారు ముందుగా పంపించారు."

ఇంకొకరైతే తప్పయిందని చెప్పి ఊరుకునేవారు. విక్టోరియాకి ఆ వచ్చేవాళ్లతో పని ఉంది. సర్కారువాళ్లు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది ఆమె భర్త కృపావరానికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. మాటతో పాటు అర్థం చేసుకోవడం కూడా పోయిందా? ఆమె ఏమడిగినా ఆయన గోడకేసి చూస్తాడు. మొన్న ఆయన ముద్దుగా పెంచుకున్న పుంజుని ఎవరో ఎత్తుకుపోయారని ఆయనకి చెప్పి, ఆ పక్కనే కూర్చుని, దాని కూర ఎంత బాగా కుదిరిందో అచ్చమ్మకి చెప్పింది. గోడకి చెప్పినట్టే అనుకుంది. ఆయనకి అర్థమవుతోందో లేదో, ఈ ఒక్క సంగతీ ఆ డాక్టరమ్మని అడగాలి. ఆవిడ కోపగించి వెళ్లిపోతే మళ్లీ ఎవరొస్తారు?

"ఇప్పుడేం చేస్తావే?"

"నువ్వు అరవకుండా బియ్యప్పిండి తే."

వేడినీళ్లతో పిండి కలిపి, జంతికల గొట్టంలో కూరి, వంకరటింకర తీగలుగా పళ్లెంలో రెండు కుప్పలు పోసింది. మధ్యలో గాడి తీసింది. అచ్చం మెదడే. అలవాటైన చెయ్యి కాబట్టి పిండిలో నువ్వులూ వామూ కూడా పడ్డాయి.

చర్చి హాలు నిండిపోయింది. డాక్టర్ శాలిని పళ్లెం మీద కప్పిన తడిగుడ్డ తీసి వంగి చూసింది. "ఇందులో నువ్వులున్నాయేంటండీ?" అంది మెల్లగా.

"మేకలు ఏం తింటాయో మనకేం తెలుసండీ," అంది విక్టోరియా.

శాలిని నవ్వు ఆపుకోడానికి పెదవి కొరుక్కుని జనం వైపు తిరిగింది. ఎడమ కుప్ప ముందు భాగం మీద వేలు పెట్టి, సాధారణంగా మనం మాట్లాడేది దీని సాయంతో అని చెప్పింది. కొంచెం వెనక్కి జరిపి, ఎదుటివాళ్ల మాట అర్థం చేసుకునేది ఇది అంది. మొదటిది దెబ్బతిన్నా ఒక్కోసారి రెండోది బాగానే ఉంటుందట.

విక్టోరియా లేచి నిలబడింది. "మరి మా ఆయనకి ఏది పోయిందండీ?"

పొద్దున్నుంచీ వంటశాల తలుపెదురుగా, కిటికీ పక్కన కుర్చీలో ఉన్న కృపావరం దగ్గరికి శాలిని వెళ్లింది. "బాబాయిగారూ, ఇక్కడ మెదడు ఎక్కడుందో చూపిస్తారా?"

కృపావరం ఎడమ చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి పళ్లెం వైపు కదిలి, పళ్లేన్ని దాటి, వంటశాల తలుపులోంచి కనబడుతున్న, మూత పెట్టిన దాకని చూపిస్తూ ఆగింది.

శాలిని వెళ్లి మూత తీసింది. మిరియాల వాసన హాలంతా వచ్చింది. జనం గొల్లుమన్నారు. అచ్చమ్మ స్తంభం వెనక్కి పోయింది. విక్టోరియా మాత్రం నవ్వులు పట్టించుకోలేదు. ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"ఏవండీ, మీకు అన్నీ తెలుస్తున్నాయా? మరి నేనడిగితే గోడకేసి చూస్తారేం?"

"బదులు చెప్పలేనప్పుడు మనిషికి చిన్నతనంగా ఉంటుందండీ," అంది శాలిని.

విక్టోరియా తలూపింది. అంతలో ఏదో గుర్తొచ్చి ముఖం పాలిపోయింది. "అన్నీనా?"

కృపావరం ఎడమ చేతిని నెత్తిమీద పెట్టుకుని, వేళ్లు నిటారుగా పుంజు జుట్టులా విప్పాడు. నోటికి ఎడమవైపు మాత్రం నవ్వు వచ్చింది.

"అది ముసలిదైపోయిందండీ," అంది ఆమె.

ఆయన కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"కాళ్లెలా వంగిపోయాయో చూశారా దానివి?"

మళ్లీ ఊపాడు. భోజనాలకి పిలిచేదాకా ఆ మొగుడూ పెళ్లాల పోట్లాట తెగలేదు.